పాఠకుల ప్రశ్నలు: చెత్త మెయిళ్లను ఎక్కడ దెబ్బకొట్టాలి?

ఈసారి శీర్షిక మొత్తాన్నీ స్పామ్‌కే కేటాయించాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోపంతో రాసినవే. ఆ కోపం న్యాయమైనదే. అయితే దాన్ని స్పామ్ పంపినవాడి మీద చూపిస్తే మనకే నష్టం. వాడు అద్దెకు తీసుకున్న సర్వర్ (మెయిళ్లు పంపే కంప్యూటర్) మీద, కొన్న డొమైన్ (ఇంటర్నెట్‌లో చిరునామాగా వాడే పేరు) మీద చూపిస్తే వాడికి నష్టం. కింది జవాబులన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: రోజూ పదుల కొద్దీ ప్రచారపు మెయిళ్లు వస్తున్నాయి. ప్రతిదాని అడుగునా ‘అన్‌సబ్‌స్క్రయిబ్’ అని ఉంటోంది. నొక్కమని కొందరు, నొక్కితే ఇంకా పెరుగుతాయని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా నిజమే. కాకపోతే వాళ్లు చెబుతున్నది రెండు వేర్వేరు రకాల మెయిళ్ల గురించి. ఈ సంస్థకు నా అడ్రస్ నేనే ఇచ్చానా అని ముందు గుర్తు చేసుకోండి. ఏదో కొన్నప్పుడో, యాప్‌లో ఖాతా తెరిచినప్పుడో ఇచ్చి ఉంటే అది స్పామ్ కాదు, మీకు ఇప్పుడు అక్కరలేని ప్రచారం. దానికి అన్‌సబ్‌స్క్రయిబ్ నొక్కండి. పేరే వినని చోటి నుంచి వస్తే మాత్రం నొక్కొద్దు. ఆ లింకులో మీ అడ్రస్‌కు మాత్రమే చెందిన గుర్తు దాగి ఉంటుంది. నొక్కిన క్షణాన ‘ఈ అడ్రస్ వాడుకలో ఉంది, ఈ మనిషి మెయిళ్లు తెరుస్తాడు’ అని అవతలివాడికి తెలిసిపోతుంది. అడ్రస్‌ల జాబితాలు అమ్ముకునే బేరంలో అలాంటి అడ్రస్‌కు ధర ఎక్కువ. అలాంటివాటిని స్పామ్‌గా రిపోర్ట్ చేసి వదిలేయండి.

నొక్కాల్సి వచ్చినప్పుడు కూడా మెయిల్ అడుగున ఉన్న లింకు కన్నా, పైన పంపినవారి పేరు పక్కన మీ మెయిల్ సర్వీసే చూపించే అన్‌సబ్‌స్క్రయిబ్ బటన్ మేలు. చాలాసార్లు అక్కడ ఏ వెబ్‌పేజీ తెరవాల్సిన పనీ ఉండదు. మెయిల్ హెడర్‌లో, అంటే మామూలుగా కంటికి కనిపించకుండా మెయిల్‌తో పాటు వచ్చే వివరాల్లో, ఇందుకోసం ఉంచిన సమాచారాన్ని బట్టి మీ సర్వీసే వాళ్ల సర్వర్‌కు కబురు పంపుతుంది. ఇలా ఒక్క నొక్కుతో తప్పుకునే పద్ధతికి 2017లో ప్రమాణం వచ్చింది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారు తమ ప్రచారపు మెయిళ్లలో ఈ సదుపాయం పెట్టాలని, వచ్చిన కోరికను రెండు రోజుల్లో తీర్చాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. యాహూ కూడా అలాంటి నియమాలే తెచ్చింది. తప్పుకోవడానికి పాస్‌వర్డ్ ఇమ్మనో, కార్డు వివరాలు ఇమ్మనో అడిగే పేజీ ఎదురైతే వెంటనే మూసేయండి.

తప్పుకున్న పది రోజుల తర్వాత కూడా అదే సంస్థ నుంచి మెయిళ్లు ఆగకపోతే ఇక మొహమాటం వద్దు, స్పామ్ అని రిపోర్ట్ చేయండి. పంపినవాటిలో స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి, అంటే వెయ్యికి మూడుకు, చేరకూడదని గూగుల్ పెద్ద పంపకందార్లకు చెప్పింది. మీ ఒక్క ఫిర్యాదుకు విలువ లేదనుకోకండి.

ప్రశ్న: వచ్చినదాన్ని వచ్చినట్టు బ్లాక్ చేస్తూనే ఉన్నాను. అయినా ఆగడం లేదు. మొన్న ఏకంగా నా అడ్రస్ నుంచే నాకు మెయిల్ వచ్చింది! ‘నీ కంప్యూటర్ నా చేతిలో ఉంది, డబ్బు పంపు’ అని అందులో నా పాత పాస్‌వర్డ్ కూడా రాశాడు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, డబ్బు పంపకండి, జవాబు రాయకండి. ఆ పాస్‌వర్డ్ మీ కంప్యూటర్ నుంచి తీసింది కాకపోవచ్చు. ఎప్పుడో మీరు ఖాతా తెరిచిన ఏదో వెబ్‌సైటు నుంచి లీకైన జాబితాలో మీ అడ్రస్, దాని పక్కన ఆ పాస్‌వర్డ్ ఉండి ఉంటాయి. అదే బెదిరింపు ఆ జాబితాలోని అందరికీ వెళుతుంది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ల మెయిల్లో. ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైటులో మీ అడ్రస్ ఇచ్చి చూస్తే ఏయే లీకుల్లో అది కనిపించిందో తెలుస్తుంది. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే ఈ రోజే మార్చండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి.

ఇక మీ అడ్రస్ నుంచే ఎలా వచ్చిందంటే, మెయిల్ పంపే పద్ధతి ఎస్ఎంటీపీకి 1982లో ప్రమాణం రాసినప్పుడు, పంపేవారి పేరు నిజమా కాదా అని తనిఖీ చేసే ఏర్పాటు అందులో లేదు. పోస్టు కవరు మీద ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి చిరునామా అయినా రాయొచ్చు కదా, ఇదీ అంతే. తనిఖీలు తర్వాత పైపైన చేర్చినవి, అందరూ పెట్టుకోనివి. కాబట్టి సెంట్ ఫోల్డర్ చూడండి, ఖాతా సెక్యూరిటీ పేజీలో ఇటీవలి లాగిన్లు చూడండి. మీకు తెలియని పరికరం ఏదీ లేకపోతే అది ఉత్త దొంగ సంతకమే.

బ్లాక్ పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. బ్లాక్ అంటే ఆ ఒక్క అడ్రస్‌ను ఆపడం. వాడు ప్రతి విడతకూ కొత్త అడ్రస్ రాస్తాడు. బ్లాక్ బటన్ మీకు తెలిసిన మనిషి విసిగిస్తున్నప్పుడు పనికొస్తుంది. స్పామ్‌కు రిపోర్ట్ బటనే సరైనది. ఎందుకంటే మీ మెయిల్ సర్వీసులో స్పామ్‌ను వడకట్టే ఫిల్టర్ చూసేది అడ్రస్ ఒక్కటే కాదు. పంపిన సర్వర్, లోపలి లింకులు, రాత తీరు అన్నీ కలిపి నేర్చుకుంటుంది.

ప్రశ్న: ఓపిక నశించింది. వీళ్లను తిరిగి దెబ్బకొట్టే మార్గం నిజంగా ఉందా? తిట్టి జవాబు పంపనా? ‘ఈ అడ్రస్ లేదు’ అని దొంగ బౌన్స్ పంపే సాఫ్ట్‌వేర్ ఉందట, వాడనా?

జవాబు: రెండూ వద్దు. ఫ్రమ్ అడ్రస్ దొంగది కాబట్టి మీ తిట్లూ, మీ బౌన్సూ వెళ్లేది ఏ పాపమూ తెలియని మూడో మనిషికి. ఆ మూడో మనిషి ఇన్‌బాక్స్‌కు స్పామ్ చేస్తున్నది అప్పుడు మీరే. ఒకవేళ అడ్రస్ నిజమైనదే అయితే మీ జవాబు ‘ఈయన చదువుతున్నాడు’ అన్న రసీదు అవుతుంది.

మార్గం మాత్రం ఉంది. స్పామర్‌కు సర్వర్ కావాలి, డొమైన్ కావాలి. అవి అమ్మే సంస్థలు చాలావరకు దుర్వినియోగం మీద ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అడ్రస్ పెడతాయి. ‘అబ్యూజ్’ అనే పేరుతో ఆ మెయిల్‌బాక్స్ ఉండాలని 1997 నుంచీ ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఉంది. సరైన ఆధారంతో అక్కడికి ఫిర్యాదు చేరితే వాడి సర్వర్ మూతపడే అవకాశం ఉంది.

ఆధారం పూర్తి హెడర్‌లో ఉంటుంది. కంప్యూటర్లో బ్రౌజర్ ద్వారా జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, యు కలిపి నొక్కితే చాలు. అక్కడ ‘రిసీవ్డ్’ అని మొదలయ్యే వరసలు కొన్ని కనిపిస్తాయి. మెయిల్ ఏ సర్వర్ గుండా వెళితే ఆ సర్వర్ తన వరసను అన్నిటికన్నా పైన చేరుస్తుంది. అంటే పై వరస చివరి మజిలీది, అడుగు వరస మొదటిది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అడుగు వరసే అసలు పుట్టిల్లు అనుకుని అందులోని ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు) మీద ఫిర్యాదు చేస్తారు. స్పామర్ పంపే ముందే దొంగ రిసీవ్డ్ వరసలు రెండు మూడు కింద అతికించి పంపగలడు. మీరు నమ్మదగినవి మీ మెయిల్ సర్వీసు రాసిన వరసలే. పై నుంచి దిగుతూ రండి. మీ సర్వీసు సర్వర్ బయటి సర్వర్ నుంచి మెయిల్ అందుకున్న వరస దగ్గర ఆగండి. అందులో బ్రాకెట్లలో ఉన్న ఐపీ అడ్రస్ మీ సర్వరు స్వయంగా చూసి రాసుకున్నది, పంపినవాడు చెప్పుకున్న పేరు కాదు. ‘10.’తో (10, వెంటనే చుక్క) గానీ, 192.168తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న అంకెలతో గానీ మొదలైతే అది లోపలి నెట్‌వర్క్ అడ్రస్. దాన్ని దాటి కిందికి వెళ్లండి.

ఆ ఐపీ ఎవరిదో ‘హూ ఈజ్’ వెతుకుడులో తెలుస్తుంది. ప్రపంచంలో ఐపీ అడ్రస్‌లు పంచే రిజిస్ట్రీలు ఐదు: ఆరిన్, రైప్, ఏపీనిక్, లాక్నిక్, ఆఫ్రినిక్. ఏ ఒక్కదాని సైటులో వెతికినా ఆ అడ్రస్ ఎవరి పరిధిలోదో దారి చూపిస్తుంది. ఫలితంలో అబ్యూజ్ కాంటాక్ట్ ఉంటుంది. అక్కడికి పంపండి. మెయిల్ లోపలి లింకు ఏ డొమైన్‌దో, ఆ డొమైన్ రిజిస్ట్రార్‌కూ, అంటే ఆ పేరును అమ్మి నమోదు చేసిన సంస్థకూ, ఇలాగే రాయండి. సర్వర్ పోతే వాడు గంటల్లో ఇంకొకటి తీసుకోవచ్చు. డొమైన్ పోతే మాత్రం అప్పటికే పంపిన మెయిళ్లలోని లింకులన్నీ ఒక్కసారి చచ్చిపోతాయి. మా దృష్టిలో రెండో ఫిర్యాదే బలమైనది.

లింకు ఎక్కడికి వెళుతుందో చూడటానికి దాన్ని నొక్కనక్కరలేదు. కంప్యూటర్లో మౌస్ దాని మీద ఉంచితే అడుగున అడ్రస్ కనిపిస్తుంది, లేదా ‘షో ఒరిజినల్’ పాఠంలోనే వెతకొచ్చు. ఫోన్‌లో లింకును నొక్కిపట్టి చూడటం మంచిది కాదు. కొన్ని ఫోన్లలో ప్రివ్యూ పేరుతో ఆ పేజీయే తెరుచుకుంటుంది.

ఫిర్యాదు నాలుగైదు వాక్యాలు మించకూడదు. ఐపీ అడ్రస్, తేదీ, టైమ్ జోన్‌తో సహా సమయం, లింకు డొమైన్, ‘ఈ మెయిల్ నేను కోరలేదు’ అన్న మాట. ఆపైన పూర్తి హెడర్లు, మెయిల్ పాఠం అతికించండి. స్క్రీన్‌షాట్ పంపితే ప్రయోజనం లేదు, అందులో హెడర్ ఉండదు. మామూలుగా ఫార్వర్డ్ చేసినా అసలు హెడర్ పోతుంది. ‘ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్’ చేయాలి. పాత మెయిళ్లను తవ్వి ఫిర్యాదు చేయడం వృథా. ఆ ఐపీ అప్పటికి చేతులు మారి ఉండొచ్చు. వచ్చిన రోజే పంపండి. జవాబు రాకపోయినా నిరుత్సాహపడకండి, చాలా సంస్థలు చర్య తీసుకుంటాయి గానీ కబురు చెప్పవు.

ఇదంతా చేతితో చేసే ఓపిక లేనివారికి 1998 నుంచి నడుస్తున్న స్పామ్‌కాప్ ఉంది. మెయిల్ మూలపాఠం అతికిస్తే హెడర్ విడదీసి, ఫిర్యాదు ఎవరికి వెళ్లాలో తేల్చి, మీరు ఒప్పుకున్నాక పంపుతుంది. ఫిర్యాదు వెళ్లాల్సినవారి జాబితాలో మీ సొంత మెయిల్ సర్వీసు పేరు కనిపిస్తే పంపే ముందు ఆగి చూడండి. ఇంకో అడ్రస్ నుంచి మెయిళ్లు మీ అడ్రస్‌కు ఫార్వర్డ్ అవుతుంటే స్పామ్‌కాప్ పొరబడే వీలుంది.

మెయిల్ జీమెయిల్, అవుట్‌లుక్ లాంటి పెద్ద సర్వీసు ఖాతా నుంచే వచ్చి ఉంటే ఐపీ వెతికి లాభం లేదు, అది గూగుల్‌దో మైక్రోసాఫ్ట్‌దో అవుతుంది. ఆ సర్వీసు దుర్వినియోగ ఫారంలోనే ఫిర్యాదు చేయాలి. బ్యాంకు పేరుతోనో ఇంకో సంస్థ పేరుతోనో వల వేసిన మెయిల్ అయితే ఆ అసలు సంస్థకు కూడా తప్పక తెలియజేయండి. ఆ డొమైన్ మూయించడానికి మీకన్నా వాళ్లకు తొందర ఎక్కువ.

ప్రశ్న: క్యాలెండర్‌లో నేను పెట్టని ‘బహుమతి గెలిచారు’ మీటింగులు కనిపిస్తున్నాయి.

జవాబు: అవి మెయిల్ ఆహ్వానాలుగా వచ్చి చేరినవి. ‘డిక్లైన్’ నొక్కకండి, పంపినవాడికి జవాబు వెళుతుంది. స్పామ్‌గా రిపోర్ట్ చేసి తొలగించండి. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఆహ్వానాలు పంపినవారు తెలిసినవారైతేనే చేర్చు అనే ఎంపిక ఉంది, అది పెట్టుకోండి.

ప్రశ్న: రావలసిన ఇంటర్వ్యూ మెయిల్ స్పామ్‌లో పడి కనిపించలేదు. ఫిల్టర్ తీసేయొచ్చా?

జవాబు: తీసేయకండి, నేర్పండి. స్పామ్ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని తెరిచి ‘నాట్ స్పామ్’ నొక్కాలి. ఊరికే చదివి వదిలేస్తే ఫిల్టర్‌కు ఏమీ తెలియదు. అలాగే ఇన్‌బాక్స్‌లోని స్పామ్‌ను డిలీట్ చేస్తే కూడా అది నేర్చుకోదు, రిపోర్ట్ చేయాలి. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోనివి 30 రోజులకు వాటంతటవే పోతాయి కాబట్టి వారానికోసారి ఓ చూపు చూడండి. ఎదురుచూస్తున్న అడ్రస్‌ను కాంటాక్టుల్లో చేర్చండి, లేదా ‘ఎప్పుడూ స్పామ్‌కు పంపవద్దు’ అని ఫిల్టర్ పెట్టండి. అయితే మీ బ్యాంకు డొమైన్‌కో, మీ సొంత డొమైన్‌కో ఇలాంటి మినహాయింపు ఇవ్వకండి. దొంగలు ఎక్కువగా రాసే ఫ్రమ్ అడ్రస్‌లు అవే. మీరే తలుపు తెరిచినట్టు అవుతుంది.

సొంత సర్వర్ మీద స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ ఫిల్టర్ నడిపేవారికి ఒక మాట. అందులో పదాలను బట్టి నేర్చుకునే భాగం కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు చూపించేదాకా పని మొదలుపెట్టదు. స్పామ్ ఒక్కటే తినిపించి ‘పనిచేయడం లేదు’ అనుకునేవారు చాలామంది. ప్రతి మెయిల్‌కూ నియమాలను బట్టి అది పాయింట్లు వేస్తుంది, మామూలుగా 5 పాయింట్లకు చేరితే స్పామ్‌గా లెక్క. మంచి మెయిళ్లు పోతున్నాయని ఆ హద్దును ఒక్కసారిగా పెంచకుండా, ఏ నియమం ఎన్ని పాయింట్లు వేసిందో హెడర్‌లో చూసి ఆ నియమాన్ని సరిచేయండి.

ప్రశ్న: నిన్న ఒక్క గంటలో వందల మెయిళ్లు వచ్చిపడ్డాయి. అన్నీ ‘మా న్యూస్‌లెటర్‌లో చేరినందుకు ధన్యవాదాలు’ లాంటివే. అన్నీ ఒకేసారి డిలీట్ చేయనా?

జవాబు: దయచేసి చేయకండి. ఇది మామూలు స్పామ్ కాదు. ఎవరో మీ అడ్రస్‌ను ప్రోగ్రామ్‌తో వందల సైట్లలో నమోదు చేశారు. ఇలా చేసేది చాలాసార్లు ఒక మెయిల్‌ను దాచడానికి: మీ కార్డుతో ఏదో కొన్నట్టు రసీదో, పాస్‌వర్డ్ మారిందన్న హెచ్చరికో, డబ్బు బదిలీ అయిందన్న కబురో. ఆ గుట్టలో మీరు దాన్ని చూడకూడదన్నదే వాళ్ల ఉద్దేశం.

ముందు బ్యాంకు, కార్డు, ఆన్‌లైన్ షాపింగ్ ఖాతాలను మెయిల్లోని లింకుల ద్వారా కాకుండా నేరుగా తెరిచి లావాదేవీలు చూడండి. ఆ తర్వాత మెయిల్లో మీ బ్యాంకు పేరు, ‘ఆర్డర్’, ‘పేమెంట్’, ‘పాస్‌వర్డ్’, ‘ఓటీపీ’ అని విడివిడిగా వెతకండి. స్పామ్, ట్రాష్ ఫోల్డర్లు కూడా వెతుకులో ఉండాలి. సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ఫిల్టర్ గానీ, ఫార్వర్డింగ్ అడ్రస్ గానీ ఉందేమో చూడండి. ఖాతాలో చొరబడినవాడు బ్యాంకు మెయిళ్లు నేరుగా ట్రాష్‌కు వెళ్లేలా ఫిల్టర్ పెట్టి పోతాడు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే పనిచేస్తూ ఉంటుంది. దాన్ని తీసేశాక పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి.

వచ్చినవాటికి ఒక్కొక్కటిగా అన్‌సబ్‌స్క్రయిబ్ నొక్కుతూ కూర్చోవద్దు. పద్ధతిగా నడిచే సైట్లు ‘నిర్ధారించండి’ అని ఒక మెయిల్ పంపి, మీరు నొక్కకపోతే ఆగిపోతాయి. ‘కన్‌ఫర్మ్’, ‘వెల్కమ్’, ‘సబ్‌స్క్రయిబ్’ మాటలున్నవి వేరే ఫోల్డర్‌కు వెళ్లేలా తాత్కాలికంగా ఫిల్టర్ పెట్టండి. డిలీట్ చేసే ఫిల్టర్ వద్దు. వరద తగ్గాక ఆ ఫోల్డర్ ఒకసారి పూర్తిగా చూసి అప్పుడు ఖాళీ చేయండి.

ప్రశ్న: కొత్త అడ్రస్ తెరుస్తున్నాను. ఇదైనా శుభ్రంగా ఉండాలంటే?

జవాబు: అడ్రస్ ఒకసారి జాబితాలకెక్కితే వెనక్కి రాదు. కాబట్టి అసలు అడ్రస్ మనుషులకూ బ్యాంకుకూ మాత్రమే ఇవ్వండి, మిగతా చోట్లకు మారుపేర్లు ఇవ్వండి. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేరిస్తే మెయిల్ మీకే వస్తుంది. ఎవరు లీక్ చేశారో తెలుసుకోవడానికి ఇది బాగుంటుంది గానీ రక్షణ తక్కువ. ప్లస్ నుంచి ఉన్నదంతా కత్తిరిస్తే అసలు అడ్రస్ బయటపడుతుంది. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తునే ఒప్పుకోవు. ఆపిల్ ‘హైడ్ మై ఈమెయిల్’, ‘ఫైర్‌ఫాక్స్ రిలే’ లాంటివి ఇచ్చే మారు అడ్రస్‌లు నయం. చెత్త మొదలైతే ఆ ఒక్కదాన్ని ఆపేయొచ్చు. సొంత డొమైన్ ఉన్నవారు ‘ఏ పేరుకు వచ్చినా అందుకో’ అనే ఏర్పాటు పెట్టకండి. స్పామర్లు ఊహించి కొట్టే ప్రతి పేరూ మీ ఇన్‌బాక్స్‌కే చేరుతుంది.

బయటి బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా సెట్టింగ్ మార్చండి. మెయిల్లో కంటికి కనిపించని ఒక చుక్కంత బొమ్మ పెడతారు. అది లోడ్ అయిందంటే మీరు మెయిల్ తెరిచారని వాళ్లకు తెలుస్తుంది. గుంపుగా మెయిల్ పంపేటప్పుడు అడ్రస్‌లన్నీ బీసీసీలో (ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనిపించని గడిలో) వేయమని మీ స్నేహితులకూ చెప్పండి. ఇంకొకరి కంప్యూటర్లో దూరిన వైరస్ అక్కడి మెయిళ్లలో మీ అడ్రస్ చూసి ఎత్తుకుపోగలదు.

ప్రశ్న: చిన్న వ్యాపారం మాది. మా డొమైన్ పేరుతో ఎవరో మా ఖాతాదార్లకు దొంగ బిల్లులు పంపుతున్నారు. ఆపగలమా?

జవాబు: చాలావరకు ఆపొచ్చు. డొమైన్ డీఎన్ఎస్‌లో, అంటే ఆ పేరుకు సంబంధించిన వివరాలు అందరికీ అందుబాటులో ఉంచే పట్టికలో, మూడు రికార్డులు కావాలి. ఎస్‌పీఎఫ్ మీ తరఫున మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెబుతుంది. డీకిమ్ ప్రతి మెయిల్‌పై డిజిటల్ సంతకం చేయిస్తుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ మీ ఫ్రమ్ డొమైన్‌తో సరిపోలకపోతే ఏం చేయాలో డీమార్క్ అవతలి సర్వర్‌కు చెబుతుంది.

ముందు మీ పేరుతో మెయిల్ పంపేవాటన్నిటినీ కాగితం మీద రాసుకోండి: ఆఫీసు మెయిల్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైటు ఫారం, న్యూస్‌లెటర్ సర్వీసు. ఒకటి మరిచిపోతే రేపు మీ బిల్లులే తిరస్కరించబడతాయి. ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. కొత్త సర్వీసు వచ్చినప్పుడల్లా రెండో రికార్డు చేర్చేవారున్నారు, అప్పుడు మొత్తం చెల్లదు. ఒక్క రికార్డు లోపల డీఎన్ఎస్ వెతుకులాటలు 10 మించినా అంతే. డీకిమ్ సంతకానికి వాడే తాళం 2048 బిట్లది తీసుకోండి.

డీమార్క్‌ను మొదట ‘నన్’ స్థాయిలో, నివేదికలు వచ్చే అడ్రస్‌తో కలిపి పెట్టండి. అప్పుడు ఏదీ ఆగదు, ఎవరెవరు మీ పేరుతో పంపుతున్నారో రోజూ నివేదిక వస్తుంది. కొన్ని వారాలు చూసి, మీ సొంత మెయిళ్లన్నీ సరిగా పాసవుతున్నాయని తేలాక ‘క్వారంటైన్’ (అనుమానించి స్పామ్‌లో పెట్టు)కు, ఆపైన ‘రిజెక్ట్’ (తిరస్కరించు)కు మార్చండి. ‘నన్’ దగ్గరే ఏళ్ల తరబడి వదిలేసి రక్షణ ఉందనుకోవడం పెద్ద పొరపాటు. ఆ స్థాయిలో దొంగ మెయిల్ హాయిగా చేరుతుంది. నేరుగా ‘రిజెక్ట్’తో మొదలుపెట్టడమూ ప్రమాదమే. ఫార్వర్డ్ అయిన మెయిల్‌కు ఎస్‌పీఎఫ్ తప్పుతుంది, డీకిమ్ సంతకం లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది. మెయిల్ పంపడానికి వాడని డొమైన్లు మీ దగ్గర ఉంటే వాటికి మాత్రం ‘ఎవరికీ హక్కు లేదు’ అనే ఎస్‌పీఎఫ్, ‘రిజెక్ట్’ డీమార్క్ ఈ రోజే పెట్టేయొచ్చు.

మీ పేరులో ఒక అక్షరం మార్చి కొన్న డొమైన్ నుంచి పంపితే ఇవేవీ ఆపలేవు, అది వాడి సొంత డొమైన్. దానికి పైన చెప్పిన రిజిస్ట్రార్ ఫిర్యాదే దారి. బ్యాంకు ఖాతా నంబరు మారిందని మా నుంచి మెయిల్ వస్తే, పాత బిల్లు మీద ఉన్న ఫోన్ నంబరుకు ఒకసారి అడిగి మాత్రమే డబ్బు పంపండని మీ ఖాతాదార్లందరికీ ఈ వారంలోనే చెప్పండి.